ఇరవై ఏళ్లుగా షెడ్డులో ఉన్న బాపు ఫియట్: ఎంతకమ్మాలి, ఎట్లమ్మాలి?

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. నేను హన్మకొండలో ఉద్యోగం చేస్తున్నాను. మా బాపుకు 1971 మోడల్ ప్రీమియర్ పద్మిని కారు ఉండేది. 2004లో ఏదో రిపేరొస్తే ఇంటి వెనక రేకుల షెడ్డులో పెట్టాడు, అది అట్లనే ఉండిపోయింది. బాపు ఆరేళ్ల కింద చనిపోయాడు, ఆర్సీ ఇంకా ఆయన పేరు మీదే ఉంది. మొన్న ఒక బ్రోకర్ వచ్చి, పదిహేనేళ్లు దాటిన బండ్లను గవర్నమెంటే పట్టుకుపోయి తుక్కు చేస్తుంది, ఇప్పుడిస్తే 40 వేలిస్తా అన్నాడు. నెట్‌లో చూస్తే ఇలాంటి కారుకే 6 లక్షలని పెట్టారు. ముందు స్టార్ట్ చేయించి, మంచిగా ఎర్ర రంగు వేయించి అమ్ముదామని మా తమ్ముడంటున్నాడు. చెల్లె పెళ్లయి మంచిర్యాలలో ఉంటుంది. అవ్వకు అమ్మడం ఇష్టం లేదు, కానీ షెడ్డు కూలేటట్టుంది. దాని అసలు విలువెంత? బాగుచేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా?

సమాధానం: అన్నా, ధర సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మీ తమ్ముడికి ఫోన్ చేసి, వచ్చే ఆదివారం కొత్త బ్యాటరీ పట్టుకుని ఊరికి పోయే ఆలోచన ఏమన్నా ఉంటే ఆపుకోమనండి. ఇరవై ఏళ్లు కదలని ఇంజిన్‌కు బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టడమంత ఖరీదైన తప్పు ఇంకోటి లేదు. నేను చేసి చూశాను కాబట్టి చెబుతున్నా.

మా మేనమామ అంబాసిడర్ జనగామలో ఒక గోదాములో పద్నాలుగేళ్లు ఉంది. హైదరాబాద్ నుంచి ఒకాయన వచ్చి చూసి, ఉన్నదున్నట్టు తీసుకుంటానని మంచి రేటే చెప్పాడు. స్టార్ట్ అయ్యే బండైతే ఇంకో యాభై వేలు ఎక్కువొస్తాయని మాకు ఆశ పుట్టింది. ఒక మెకానిక్‌ను పిలిచి, బ్యాటరీ పెట్టి, సెల్ఫ్ తిప్పాం. వాల్వులు గైడ్లలో బిగుసుకుపోయి ఉన్నాయి, మాకేం తెలుసు, టప్ మని ఒక చప్పుడొచ్చింది, అంతే. పుష్‌రాడ్ వంగింది, హెడ్ దించాల్సొచ్చింది, దించాక అది లేదు ఇది లేదు అని బండి మూడు నెలలు విప్పిన ముక్కలుగా షెడ్డులో పడి ఉంది. ఆ హైదరాబాదాయన మళ్లీ వచ్చి, విప్పిన ఇంజిన్ చూసి, ముందు చెప్పిన దాంట్లో సగం చెప్పాడు. ఆయన తప్పేం లేదు, విప్పిన ఇంజిన్‌లో ఏ ముక్క ఎక్కడ పోయిందో ఎవరికి తెలుసు!

మీ ఫియట్‌లో ఇప్పుడు ఏం జరిగి ఉంటుందో చెబుతా వినండి. ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఆవిరై అడుగున జిగురు మిగిలి ఉంటుంది, వాసన చూస్తే పాత రంగు డబ్బా మూత తీసినట్టుంటుంది. ఆ జిగురు కార్బురేటర్ జెట్లలో కూడా గడ్డకట్టి ఉంటుంది. ట్యాంకు లోపల తుప్పు. పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు పట్టుకుని ఉండొచ్చు. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుని ఉండొచ్చు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే రకం, కాబట్టి వీల్ సిలిండర్లు లోపల తుప్పు పట్టి బిగుసుకుని ఉంటాయి, ఆ బండికి నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే, ఒక్కటి పట్టుకున్నా బండి కదలదు, లేదా కదిలాక ఆగదు. వైరింగ్ సంగతి చెప్పనక్కర్లేదు, పల్లెటూరి షెడ్డులో ఎలుకలకు కారు వైరంటే పండుగ భోజనం. అలాంటి వైరింగ్‌కు కరెంటిస్తే పొగ మీకే కనబడుతుంది.

అమ్మేవాళ్లుగా మీరు తెలుసుకోవాల్సింది ఒక్కటే: ఇంజిన్ ఫ్రీగా ఉందా, జామ్ అయిందా. కొనేవాడు ఫోన్‌లో అడిగే మొదటి ప్రశ్న అదే. దానికి స్టార్ట్ చేయాల్సిన పని లేదు. పెద్దమనిషి మెకానిక్ ఒకరిని, అంటే పాత ఫియట్లు, అంబాసిడర్లు చూసిన చేయి ఉన్నవాడిని, తీసుకుపోండి. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో ఇంజిన్ ఆయిల్, డీజిల్ కలిపి రెండు మూడు చెంచాలు పోసి, ప్లగ్గుల రంధ్రాలు గుడ్డతో మూసి, వారం పది రోజులు వదిలేయండి. తర్వాత ముందునుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో నిదానంగా తిప్పాలి. ఆ రోజుల బండికి హ్యాండిల్ ఉండేది, డిక్కీలో ఉందేమో వెతకండి. తిరిగితే, తిరిగేటప్పుడు ఒక వీడియో తీయండి, ఆ ముప్పై సెకన్ల వీడియో మీ తమ్ముడి ఎర్ర రంగు కంటే ఎక్కువ డబ్బు తెస్తుంది. తిరగకపోతే బలం పెట్టొద్దు, ఇంకో వారం ఆగండి, అప్పుడూ తిరగకపోతే జామ్ అని ఉన్నమాట చెప్పి అమ్మండి.

ఇక మీ లేఖలో నాకు ఒక చోట అనుమానం తగిలింది. 1971 మోడల్ పద్మిని అన్నారు. 1971లో పద్మిని అనే పేరే లేదు. ముంబైలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు 1964 నుంచి చేసింది ఫియట్ 1100 డి, దాన్నే డిలైట్ అనేవాళ్లు. ఫియట్‌తో ఒప్పందం అయిపోయాక 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అని మార్చారు, పద్మిని అని పేరు పెట్టింది 1974లో. కాబట్టి మీ దగ్గరున్నది 1971 అయితే అది ఫియట్ 1100 డి, పద్మిని అయితే అది 1971ది కాదు. మన దగ్గర అన్నింటినీ ఫియట్ అనో పద్మిని అనో కలిపి పిలుస్తాం గనక తప్పుపట్టడం లేదు, కానీ ఇది మీ ధరను మార్చే విషయం. 1971దైతే ఇప్పటికి యాభై ఏళ్లు దాటింది, దాని ఫలితం కింద చెబుతా. పైగా పద్మిని ఆ తర్వాత చాలా ఏళ్ల దాకా లక్షల్లో తయారై, ముంబైలో ట్యాక్సీలుగా తిరిగింది, 1100 డి అంత విరివిగా దొరకదు. బానెట్ ఎత్తితే లోపలి గోడ మీద ఒక ప్లేటు ఉంటుంది, దాని మీద చాసిస్ నంబరు. ఇంజిన్ బ్లాకు మీద ఇంజిన్ నంబరు. తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీయండి. ఆర్సీతో కలిసిందా చూడండి. ఆ రోజుల్లో చాలామంది ఇంజిన్ పాడైతే పాత ఇంజిన్ తెచ్చి వేయించేవాళ్లు, డీజిల్ ఇంజిన్ ఎక్కించినవాళ్లూ ఉన్నారు, ఆర్సీలో ఎక్కించే ఓపిక ఎవరికుంది? మీ బాపు కాలంలో బండి చూసిన మెకానిక్ ఎవరన్నా బతికి ఉంటే అడగండి. బోరు చేయించాడా, అంటే అదే ఇంజిన్ సిలిండర్లను లోపల చెక్కించాడా, లేక బ్లాకే మార్పించాడా? బోరు చేయిస్తే పరవాలేదు. బ్లాకు మారి ఆర్సీలో ఎక్కకపోతే ధర పడుతుంది, దాచి అమ్మితే రేపు గొడవ మీ ఇంటికే వస్తుంది.

బ్రోకర్ సంగతి. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు, పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దని ఆంక్షలు పెట్టింది ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లో, 2015లో పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాల వల్ల. దాన్ని మోసుకొచ్చి పరకాలలో మీకు చెప్పాడు. మీ షెడ్డులోకి ఎవరూ వచ్చి బండి పట్టుకుపోరు. ఇక 40 వేలు. ఆ కారు బరువు దాదాపు 900 కిలోలు. ఇనుము కిలో 30 రూపాయలు అనుకున్నా 27 వేలు. అంటే ఆయన మీ బాపు కారుకు ఇనుప సామాన్ల రేటు కట్టి, పైన ఒక పది పదమూడు వేలు వేశాడు. గ్రిల్లు, బంపర్లు, వెనక లైట్లు, స్టీరింగ్ కిందుండే గేరు కడ్డీ, మీటర్లు, బ్యాడ్జీలు విడిగా అమ్ముకున్నా ఆ తేడా ఆయనకు వచ్చేస్తుంది, ఎందుకంటే ఇప్పటికే ఫియట్లు బాగుచేయించుకుంటున్నవాళ్లకు ఆ సామాన్లు దొరక్క కళ్లు కాయలు కాస్తున్నాయి.

అట్లని 6 లక్షలూ నిజం కాదు. నెట్‌లో పెట్టింది అమ్మేవాడి కోరిక, అమ్ముడుపోయిన ధర కాదు. పాత కార్లకు ధరల పట్టిక ఎక్కడా ఉండదు, కాబట్టి మీరే కొంచెం తిరగాలి. ఒక నోటుబుక్కులో ఇలాంటి బండ్ల ప్రకటనలు ఒక పది రాసుకోండి, మోడల్ సంవత్సరం, ఊరు, అడిగిన రేటు, నడుస్తుందా లేదా. నెల తర్వాత మళ్లీ చూడండి. అదే ప్రకటన అదే రేటుతో కూర్చుని ఉంటే ఆ రేటు తప్పని అర్థం. మాయమైన వాటికి ఫోన్ చేసి, అన్నా బండి పోయిందా, ఎంతకు పోయింది అని అడగండి, పదిలో నలుగురు చెబుతారు, అమ్మేసినవాడికి దాచాల్సిన పని ఉండదు. మీకు కావాల్సిన ధర ఆ నలుగురి దగ్గర ఉంది.

అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టాలి. కాగితాలన్నీ ఉండి, మంచిగా నడిచే ఫియట్ 4 లక్షలకు పోయిందనుకుందాం, ఇది లెక్క కోసం చెప్పే అంకె మాత్రమే, దీన్ని పట్టుకుని బ్రోకర్‌తో పోట్లాడొద్దు. మీ బండిని ఆ స్థితికి తేవాలంటే టింకరింగ్, పెయింట్, ఇంజిన్, బ్రేకులు, టైర్లు, వైరింగ్, సీట్లు అన్నీ కలిపి రెండున్నర లక్షలైతే, కొనేవాడు తన తిప్పలకు, తెలియని ఖర్చులకు ఇంకో యాభై వేలు పట్టుకుంటాడు. మిగిలిన లక్ష మీ బండి ధర. అసలు ఖర్చెంతో తెలియాలంటే వరంగల్ ఆటోనగర్ నుంచి ఒక టింకరింగ్ మనిషిని, ఒక మెకానిక్‌ను తీసుకుపోయి, పని చేయించకుండా అంచనా మాత్రం రాయించుకోండి, వాళ్ల రోజు కూలీ ఇచ్చేయండి, ఫ్రీగా చెప్పమంటే ఫ్రీ అంచనానే వస్తుంది.

ఆ అంచనాలో సగం తుప్పే తింటుంది, కాబట్టి తుప్పు మీరు కూడా చూసుకోండి. ఈ కారుకు విడిగా చాసిస్ ఫ్రేము ఉండదు, బాడీయే చాసిస్, అందుకని తలుపుల కింద పొడవుగా పోయే పట్టీలు, కాళ్ల కింది నేల, డిక్కీ అడుగు, ముందు చక్రాల పైన సస్పెన్షన్ బిగించిన చోటు తిన్నాయంటే అది పెద్ద పని. మ్యాట్లు ఎత్తి, స్క్రూ డ్రైవర్ పిడితో కొట్టి చూడండి, గట్టిగా టంగుమంటే ఉంది, దబ్బుమంటే లేదు. ఫ్రిజ్ మీద పెట్టే అయస్కాంతం ఒకటి పల్చటి గుడ్డలో చుట్టి బాడీ మీద జరపండి, అంటుకోని చోట కింద రేకు లేదు, పుట్టీ ఉంది. షెడ్డు నేల మట్టిదైతే ఇరవై వానాకాలాల తేమ కిందనుంచే ఎక్కి ఉంటుంది. పైన మెరుస్తుంది కదా అని మోసపోవద్దు, ఈ కార్లు కిందనుంచి పైకి చచ్చిపోతాయి.

అందుకే తమ్ముడి ఎర్ర రంగుకు నేను ఒప్పుకోను. పాత కార్లు కొనేవాడికి కొత్త పెయింటంటే అనుమానం, కింద ఏం దాచారో అని. కంపెనీ వేసిన రంగు, మచ్చలున్నా, వెలిసిపోయినా, దానికి విలువుంది, ఎందుకంటే అది అబద్ధం చెప్పదు. ఆర్సీలో ఒక రంగు, బండి మీద ఇంకో రంగు అయితే అదో తలనొప్పి. రిపేరు చేయించి అమ్మితే లాభమన్నది మన మనసుకు సరిపోయే లెక్క. మీరు పెట్టే రెండున్నర లక్షల్లో తిరిగొచ్చేది సగమో, అంతకంటే తక్కువో, పైగా కొనేవాడు ఆ పని తన మెకానిక్‌తో తనకు నచ్చినట్టు చేయించుకుందామనే చూస్తాడు. డబ్బు పెట్టాలనే ఉంటే కాగితాల మీద పెట్టండి, అక్కడ పెట్టిన ప్రతి రూపాయీ రెండై వస్తుంది.

కాగితాలు కొంచెం తిప్పుతాయి, ఓపిక పట్టండి. బాపు పేరు మీదున్న బండిని మీరు నేరుగా అమ్మలేరు. చట్టం ప్రకారం ఓనర్ పోయిన 30 రోజుల్లో ఆర్టీఏకు చెప్పాలి, మూడు నెలల్లో ఫారం 31 పెట్టి వారసుల పేరు మీదికి మార్చుకోవాలి. ఆరేళ్లు దాటింది కాబట్టి ఆలస్యానికి ఎంతో కొంత కట్టాల్సుంటుంది. మరణ ధృవీకరణ పత్రం, మీసేవలో పెట్టి తహసీల్దార్ ఆఫీసు నుంచి తీసుకునే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులకు అభ్యంతరం లేదన్న అఫిడవిట్ కావాలి. మీ లేఖంతా మీరూ తమ్ముడే మాట్లాడుకున్నారు, చెల్లె మాట ఒక్క వాక్యంలో వచ్చి పోయింది. బాపు సంపాదించిన ఆస్తిలో అవ్వకు, చెల్లెకు మీతో సమానంగా హక్కుంది, ఆమె సంతకం లేనిదే పని కాదు, కాబట్టి బండి చూడ్డానికి ఎవరన్నా రాకముందే ఆమెకు ఫోన్ చేయండి, అమ్మాక చెబితే 40 వేల కారు కోసం రాఖీ పండుగ పోతుంది.

ఆర్టీఏ ఆఫీసుకు పోయి పాత నంబరు చెప్పి, రికార్డు కంప్యూటర్‌లో ఎక్కి ఉందా, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా రెన్యువల్ అయ్యింది, ట్యాక్స్ ఏమన్నా బాకీ ఉందా కనుక్కోండి. పుస్తకం ఆర్సీ రోజుల బండ్లు కొన్ని కంప్యూటర్‌లో ఉండవు, అప్పుడు ఆ పుస్తకమే మీకు ప్రాణం. ఏ బ్యాంకు లోను మీదో కొని, ఆర్సీలో హైపోథికేషన్, అంటే బ్యాంకు తాకట్టు, కొట్టేయకుండా వదిలేసి ఉంటే అదీ ఇప్పుడే బయటపడుతుంది.

యాభై ఏళ్ల మాట ఇప్పుడు. 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకు విడిగా రూల్స్ పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటి, బాడీ, చాసిస్, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న సొంత బండ్లకు ఇది వర్తిస్తుంది. కొత్తగా చేయిస్తే ఫీజు 20 వేలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ 5 వేలు. ఇప్పటికే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుకోవచ్చు, ఆ మూడక్షరాల పాత నంబరు ప్లేటు మీద మోజున్నవాళ్లు చాలామంది ఉన్నారు. కాకపోతే వింటేజ్ చేయిస్తే ఆ బండిని రోజూ తిప్పకూడదు, ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, రిపేరుకో తీసుకుపోవాలి అంతే. అందుకని ఆ పని మీరు చేయొద్దు, కొనేవాడికి వదిలేయండి, ఒకడు ర్యాలీలకు కొంటాడు, ఇంకొకడు ఆదివారం భద్రకాళి చెరువు దాకా పోయిరావడానికి కొంటాడు. మీరు ప్రకటనలో ‘1971 ఫియట్ 1100 డి, వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు వయసు సరిపోతుంది, నంబర్లు ఆర్సీతో కలుస్తాయి’ అని రాస్తే చాలు, అది నిజమైతేనే సుమా.

అమ్మేటప్పుడు బండిని ప్రెషర్ పంపుతో కడగొద్దు, తడిగుడ్డతో దుమ్ము తుడిచి, పొద్దున ఎండలో చుట్టూరా ఫోటోలు తీయండి, తుప్పు పట్టినవి ముందు తీయండి. కొనేవాడు కోయంబత్తూరు నుంచో పుణె నుంచో వస్తాడు, వచ్చాక కనబడే తుప్పుకు బేరం తగ్గుతుంది, ముందే చూపిన తుప్పుకు తగ్గదు. హైదరాబాద్‌లో పాత కార్ల క్లబ్బులున్నాయి, సినిమాలకు పాత బండ్లు అద్దెకిచ్చేవాళ్లున్నారు, ఫేస్‌బుక్‌లో ఫియట్ వాళ్ల గ్రూపులున్నాయి, ముందు అక్కడ అడగండి. ఆర్మీలో ఉన్నా, బండి చూడకుండానే అడ్వాన్స్ పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేయండి అనేవాడు కచ్చితంగా ఒకడు తగులుతాడు. డబ్బు తీసుకోవడానికి స్కాన్ చేయాల్సిన పని ఎక్కడా లేదు, ఫోన్ పెట్టేయండి. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 ఖాళీగా ఉంటే వాటి మీద సంతకాలు పెట్టి ఇవ్వొద్దు. బండి వెళ్లిన తేదీ, టైము రాసి ఇద్దరూ సంతకం చేసిన కాగితం, ఆయన ఆధార్ కాపీ దగ్గర పెట్టుకోండి. పేరు మారేదాకా ప్రమాదం జరిగినా పూచీ ఆర్సీలో పేరున్నవాడిదే, 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. బండిని తాడు కట్టి లాగనివ్వొద్దు, బ్రేకుల సంగతి పైన చెప్పాను కదా, రికవరీ వ్యాన్ మీద ఎక్కించుకుని పొమ్మనండి, ఆ కిరాయి ఆయనదే.

అవ్వ విషయంలో నేను చెప్పగలిగింది తక్కువ. షెడ్డు కూలుతుందని భయమైతే నాలుగు వేల ఖర్చుతో కింద ఇటుకలు పేర్చి, బండిని వాటి మీద ఎత్తి, పైన తాడ్‌పత్రి కప్పితే ఇంకో వానాకాలం ఆగుతుంది, బండి విలువ ఒక్క ఏడాదిలో పడిపోదు, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ రావడానికీ ఆ టైము పనికొస్తుంది. ఈలోపు ఆమె మనసు ఎటుంటే అటు.

ముందైతే ఆ పాత ఆర్సీ పుస్తకం దొరకాలి. ఇంట్లో బీరువాలో లేకపోతే కారు డాష్‌బోర్డు డబ్బాలో, ముందు సీటు కింద, డిక్కీలో స్టెప్నీ వెనక చూడండి, ఆ తరం వాళ్లు కాగితాలన్నీ బండిలోనే పెట్టేవాళ్లు. చేయి పెట్టేముందు పొడుగాటి కట్టెతో తట్టి చూసుకోండి. మా మేనమామ అంబాసిడర్ సీటు కింద మాకు మొదట దొరికింది ఆర్సీ కాదు, రెండు గజాల పాము కుబుసం.